చెయ్యిచ్చాడు, రాసుకో

ఓడకి 41 రోజులు

పొద్దున్నే మూడు పనులు. పంపు గదిలో వేడి చూడటం, తోటలో దీపాలు వెయ్యడం, గురువుగారికి దండం పెట్టడం. గురువుగారంటే గురుగ్రహం. కాలిస్టో మీంచి చూస్తే ఆయన ఎప్పుడూ ఒకే చోట ఉంటాడు, కిటికీకి కుడిపక్క పైమూలన. ఇరవై ఆరేళ్లుగా అక్కడే కూర్చుని నన్ను చూస్తున్నాడు. ఒక్క మాటా అనడు. అయినా ఈ మంచు గనిలో నాకు మిగిలిన తోడు ఆయనే కాబట్టి దండం మానలేదు.

రెండేళ్లుగా ఒక్కణ్ణే ఉంటున్నాను. పంపులు గడ్డకట్టకుండా చూడటానికి ఒకడు చాలన్నారు. ఆ ఒకణ్ణి నేనన్నాను. ఇప్పుడు ఆ పంపులూ అక్కర్లేదట. ఆఖరి ఓడ నలభై ఒక్క రోజుల్లో దిగుతుంది, దాని తర్వాత ఇంకోటి లేదు. ఎక్కుతానని భూమికి కబురు పెట్టాను. పెట్టె మాత్రం ఇంకా అటక మీంచి దించలేదు. ఎందుకు దించలేదని ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

ముఖ్య కార్యాలయం నుంచి ఈవేళ ఉత్తర్వు వచ్చింది. గని చిట్టాలన్నీ మూసి అప్పగించాలి. మూయని చిట్టా ఏదైనా ఉంటే ఓడ ఎక్కదు, తుడిచేస్తారు. చిట్టాలు చూసుకునేది గుమస్తా. గుమస్తా అంటే మనిషి కాదు, గోడలోంచి మాట్లాడే యంత్రం. దానికి మర్యాద ఎక్కువ, బుద్ధి తక్కువ. మంచు చిట్టా, నీళ్ల చిట్టా, తోట చిట్టా, ఇలా పదహారు చిట్టాలు గంటలో మూసేసింది. పదిహేడోది దగ్గర ఆగిపోయింది.

"ఈ చిట్టా మూయడం కుదరదండి. పోటీ ఇంకా జరుగుతోంది."

"ఏ చిట్టా?"

"జోడీ కుస్తీ పట్టం చిట్టా అండి."

"పోటీ ఏంటి నీ మొహం! ఇక్కడ నేనొక్కణ్ణే కదా ఉన్నది."

"అవునండి. బరిలో ఉన్నది తమరేనండి."

దాని బుర్ర చెడిందనుకుని టీ పెట్టుకోవడానికి వెళ్లాను. పాలపొడి కూడా అయిపోవస్తోంది.

ఓడకి 38 రోజులు

పదకొండేళ్ల తర్వాత హాలు తలుపు తీశాను. హీటరు ఆపేసి చాలాకాలమైంది, ఊపిరి వదిలితే పొగలాగా వచ్చింది. బరి అలాగే ఉంది. నాలుగు స్తంభాలు, మూడు వరసల తాళ్లు, పైన వల. భూమి మీద కుస్తీ బరికి వల అక్కర్లేదు. ఇక్కడ మన బరువు అక్కడి దాంట్లో ఎనిమిదో వంతు. మనిషిని ఎత్తి విసిరితే కప్పుకి కొట్టుకుని గాని దిగడు.

ఇది చదివేవాళ్లు జోడీ కుస్తీ ఎరగనివాళ్లయితే కాస్త చెప్పాలి. ఇద్దరికీ ఇద్దరికీ పోటీ. బరిలో ఒక్కో జోడీ నుంచి ఒక్కడే ఉంటాడు. రెండోవాడు తాళ్లకి బయట, తన మూలన నిలబడతాడు. స్తంభానికి మూరెడు తాడు కట్టి ఉంటుంది, దాన్ని పట్టుకునే ఉండాలి. తాడు వదిలితే వాడు పోటీలో లేనట్టు. లోపలివాడు అలిసిపోతే మూలకొచ్చి బయటివాడి అరచేతిని అరచేత్తో కొడతాడు. అప్పుడు వీడు బయటికి, వాడు లోపలికి. దాన్నే మేం చెయ్యివ్వడం అనేవాళ్లం. రెఫరీ చూసి "చెయ్యిచ్చాడు, రాసుకో!" అని కేక పెట్టాలి, గుమస్తా విని చిట్టాలో రాయాలి. రాస్తేనే చెల్లుతుంది. బయట ఉన్నవాణ్ణి ఎవరు పడగొట్టినా పడగొట్టినట్టు కాదు, వాడి మీద లెక్క చెల్లదు. లోపలివాడి వీపు నేలకి అంటించి ఏడు లెక్కపెట్టాలి. భూమి మీద మూడే. ఇక్కడ మూడు లెక్కపెట్టేలోగా మనిషి ఇంకా గాల్లోంచి దిగుతూనే ఉంటాడని మా రెఫరీ దమయంతక్క ఏడు చేసింది.

దమయంతక్క క్యాంటీను పెద్ద. ఎవరు గెలవాలో, ఎలా గెలవాలో ముందురోజు ఆవిడ గరిట పట్టుకుని చెప్పేది. అంటే అంతా ముందే అనుకున్న ఆటే. ఆ సంగతి హాల్లో కూర్చున్న నూటపది మందికీ తెలుసు. అయినా గొంతులు పోయేలా అరిచేవాళ్లు. నాకు విరిగిన పక్కటెముకలు రెండూ నిజంగానే విరిగాయి.

మా మూల స్తంభానికి తాడు లేదు, ముడి ఒక్కటే మిగిలింది. స్టోర్సువాళ్లు ఎందుకో కోసుకుపోయారని అప్పట్లో తిట్టుకున్నాను. ఇవాళ మళ్లీ తిట్టాను. తిట్టు ఒకటి బయటికొచ్చాక హాలంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది.

పట్టం అంటే రెండు నడికట్లు. డ్రిల్లు బెల్టు రబ్బరు, మధ్యలో వాల్వు మూతలు. రెండూ నా గదిలోనే ఉన్నాయి. ప్రతి ఆదివారం తుడుస్తాను. నాది ఒకటి, సూరిది ఒకటి.

ఓడకి 36 రోజులు

సూరి అంటే అప్పలసూరి. నా జోడీ. వాడి గురించి తర్వాత.

చిట్టా మూయకపోతే తుడిచేస్తారంటున్నారు కాబట్టి అసలు అందులో ఏముందో మొదట్నించీ చదివించాను. గుమస్తా ఏ రాగమూ లేకుండా చదివింది. నేను మంచం మీద పడుకుని విన్నాను.

మొదటి పట్టం డ్రిల్లు సెక్షను "గునపాలు" జోడీకి. ఏడాదిన్నర వాళ్ల దగ్గరే ఉంది. ఒక దుప్పటి గురించి గొడవపడి వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు కాదు. ఒకళ్లనొకళ్లు తాకేది బరిలో చెయ్యిచ్చుకునేటప్పుడే. అదేమిటో అంత కచ్చితంగా చెయ్యిచ్చిన జోడీని నేను మళ్లీ చూడలేదు. తర్వాత "వంటింటి సివంగులు", ఆడవాళ్లు. తొమ్మిది నిమిషాల్లో గునపాలని పడేశారు. వాళ్లలో ఒకావిడ మణికట్టు విరిగింది. చెయ్యి లేకపోతే జోడీ లేదని నియమం, అందుకని పట్టం ఖాళీ అయింది. ఆవిడ కట్టుతోనే వచ్చి నడికట్టు బల్లమీద పెట్టేసి ఏడ్చింది. ముందే అనుకున్న ఆటకి ఎవరైనా అలా ఏడుస్తారా అంటే, ఏడుస్తారు.

ఆ తర్వాత పంపు సెక్షను "బావాబామ్మర్దులు". నిజంగానే బావాబామ్మర్దులు. వీళ్ల హయాంలోనే ఆ దీపాల గోల జరిగింది. పోటీ మధ్యలో కరెంటు పోయింది. చీకట్లో బావగారు తడుముకుంటూ వచ్చి ఎదుటి జోడీవాడికి చెయ్యిచ్చేశాడు. దమయంతక్క చప్పుడు విని "చెయ్యిచ్చాడు, రాసుకో" అంది, గుమస్తా రాసేసింది. కాబట్టి చిట్టా ప్రకారం నాలుగు నిమిషాల పాటు బావగారూ, ఆయన్ని తన్నడానికొచ్చినవాడూ కలిసి ఒక జోడీ, పట్టం వాళ్లది. ఎంత మొత్తుకున్నా దమయంతక్క కొట్టెయ్యనివ్వలేదు. "రాసినాక అదే జరిగినట్టు. మీ కళ్లతో పనేటి?" అంది.

బావాబామ్మర్దుల మీద గెలిచింది మేమే. తోటలో పనిచేసేవాళ్లం, ఇద్దరం సన్నగా ఉండేవాళ్లం. అందుకని మాకు "తోటకూర కాడలు" అని పేరు పెట్టారు. హాలంతా లేచి "కాడలూ! కాడలూ!" అని అరిచేది. పేరు మాత్రం నాకు నచ్చలేదు. సూరికి మహా నచ్చింది.

ఓడకి 33 రోజులు

ఇక ఆఖరి పేజీ. చదవమన్నాను.

"పట్టం: తోటకూర కాడలు, మూడోసారి. పోటీ: బావాబామ్మర్దులతో. బరిలో: అప్పలసూరి. ఆ తర్వాత ఒకే వాక్యం ఉందండి. తమరే స్వయంగా రాశారు. 'అప్పలసూరి చెయ్యిచ్చాడు.' కనుక బరిలోకి తమరు వచ్చారు. ఫలితం రాలేదు. పదకొండేళ్ల రెండు నెలలు. చరిత్రలో ఇదే పెద్ద హయామండి. అభినందనలు."

ఇంకోసారి చదివించుకున్నాను. తర్వాత నవ్వొచ్చింది. తర్వాత నవ్వు కాదు.

ఆ రోజు జరిగింది ఇది. పెద్ద ఓడ దిగింది. అరవై మంది వెళ్లిపోతున్నారు. నేనూ సూరీ ఇంకో అయిదేళ్లు ఉండిపోదామని సంతకాలు పెట్టేశాం. వెళ్లేవాళ్ల కోసం వీడ్కోలు కుస్తీ పెట్టారు. సూరి లోపలున్నాడు, నేను మూలన. వాడొచ్చి నా చేతిని కొట్టాడు, నేను తాళ్ల మీంచి దూకాను. సరిగ్గా అప్పుడే ఓడ సైరను మోగింది. దమయంతక్క కేక అందులో కలిసిపోయి ఉంటుంది, గుమస్తాకి వినబడలేదు. నేను బావగారితో రెండు పట్లు పట్టి, అలిసి, చెయ్యి చాచి మూలకి తిరిగాను. మూలన ఎవరూ లేరు. జనం అదీ ఆటలో భాగమే అనుకుని పగలబడి నవ్వారు. బావాబామ్మర్దులకీ ఆ ఓడలోనే సీట్లు, వాళ్లూ దూకేసి పరుగు తీశారు. అయిదు నిమిషాల్లో హాలు ఖాళీ. సూరి ఓడెక్కేశాడని తర్వాత తెలిసింది. వాడి నడికట్టు బెంచీ మీద పెట్టి ఉంది.

నేను గుమస్తా దగ్గరికెళ్లి ఆ వాక్యం రాశాను. మా వైపు ఎవడైనా నమ్మించి నట్టేట వదిలేస్తే ఏమంటాం? చెయ్యిచ్చాడంటాం. నేను రాసింది ఆ చెయ్యి. ఈ మొద్దు యంత్రం చదువుకున్నది బరిలో చెయ్యి.

"అది చెయ్యివ్వడం కాదు, చెయ్యివ్వడం" అని దానికి చెప్పాను.

"రెండూ ఒకలాగే వినబడుతున్నాయండి" అంది.

ఓడకి 32 రోజులు

గుమస్తా దారి చెప్పింది. నేనన్న అర్థమే నిజమైతే, అప్పలసూరి పేరు పక్కన "జోడీని విడిచి పారిపోయినవాడు" అని రాసి, పట్టం ఆ రోజునుంచే ఖాళీ అని చిట్టా మూసెయ్యొచ్చు. అదే నాకు కావాలన్నాను.

"జోడీ చిట్టాలో ఒక్కరి మాట చెల్లదండి. ఇద్దరూ ఒప్పుకోవాలి."

"వాడు భూమ్మీద ఉన్నాడు."

"కబురు ముప్పావుగంటలో చేరుతుందండి."

చేరుతుంది, నాకు తెలీదా? వెళ్లాక వాడి దగ్గర్నుంచి కబుర్లు వచ్చాయి, ఓడలోంచి నాలుగు, దిగాక రెండు. ఒక్కటీ వినలేదు. వినకుండానే తుడిచేశాను. ఏడోది రాలేదు.

పొద్దుటినుంచి పది సార్లు రాసి కొట్టేశాను. ఆఖరికి ఇది పంపాను: "అప్పలసూరి గారికి, చిట్టా మూయవలసి ఉన్నది. మీరు పోటీ మధ్యలో విడిచిపోయిన మాట నిజమని ఒప్పుకుంటూ కబురు పంపగలరు. ఇట్లు, గేదెల సన్యాసి." వాణ్ణి గారు అనడం ఇదే మొదటిసారి.

ఓడకి 27 రోజులు

జవాబు లేదు. మూడో పంపు గడ్డకట్టింది. గొట్టానికి దుప్పట్లు చుట్టి, హీటరు పెట్టి, దాని పక్కనే కూర్చుని గోంగూర పచ్చడి, అన్నం తిన్నాను. ఇంకో ఇరవై ఏడు రోజుల్లో ఆపేసే పంపు మీద అంత శ్రద్ధ దేనికో నాకే తెలీదు.

ఓడకి 22 రోజులు

జవాబు లేదు. గుమస్తాని రోజుకి అయిదు సార్లు అడుగుతున్నాను. "రాలేదండి" అని ప్రతిసారీ ఒకే మర్యాదతో చెబుతోంది. కాస్త విసుక్కుంటే బాగుండును.

పోయాడేమోనని అనిపించింది. వాడికి నాకంటే ఏడేళ్లు ఎక్కువ. ఆ మాట అనిపించాక తోటలోకెళ్లి చెయ్యవలసిన అవసరం లేని కలుపు తీశాను.

ఓడకి 20 రోజులు

వచ్చింది. రాసింది కాదు, గొంతు. పదకొండేళ్లకి ఈ గదిలో వాడి గొంతు. మొదటిసారి మాటలు అర్థం కాలేదు, గొంతు మాత్రమే విన్నాను. రెండోసారి పెట్టించుకుని ఇక్కడ రాస్తున్నాను.

"ఒరే సన్నాసీ, 'గారు' ఏటిరా, 'గారు'? నాను సచ్చిపోనాననుకున్నావేటి? కబురు ఊరంతా తిరిగి ఇప్పుడొచ్చింది. కళింగపట్నంలో గని ముసిలోళ్లకి ఇల్లు కట్టినారు, అక్కడున్నాను. సరే, విడిసిపోనానని ఒప్పుకోమన్నావు. ఒప్పుకుంటాన్లే, నాకేటి పోయింది? గానీ ఒక్క మాట సెప్పు. ఆ రోజు నీ సేతి మీద ఎన్ని దెబ్బలు కొట్టినాను? నువ్వే సెప్పు. సెప్పినాక ఏటి రాసుకుంటావో రాసుకో."

అంతే. చివర్న దగ్గు.

ఓడకి 19 రోజులు

ఇది ఎవరికీ చెప్పలేదు. ఈ పుస్తకంలో కూడా రాయలేదు. వెనక్కి తిప్పి చూసుకున్నాను, "వాడొచ్చి నా చేతిని కొట్టాడు" అని రాసి ఊరుకున్నాను.

మాకు అరచేతి గుర్తులుండేవి. చెయ్యిచ్చేటప్పుడు ఒక దెబ్బ కొడితే "మామూలే, కానియ్". రెండు కొడితే "నువ్వు పడిపో, నేను చూసుకుంటా". మూడు కొడితే "ఆట ఆపు, నా వెనకాలే బయటికి వచ్చెయ్". పక్కటెముకలు విరిగిన రోజు వాడు మూడు కొట్టాడు. నేను తాళ్ల మీంచి వాడి వెనకాలే దూకాను.

ఆ రోజూ మూడే కొట్టాడు. టప్, టప్, టప్. గట్టిగా కొట్టాడు, చెయ్యి మండింది. అంతకుముందు పొద్దున క్యాంటీనులో "ఒరే, నీతో మాటాడాల" అన్నాడు. ముందు పోటీ కానీ అన్నాను. చెప్పబోయేది ఏమిటో నాకు అందింది, అందుకే అన్నాను. మూడు దెబ్బలు తిన్నాక తల తిప్పి చూశాను కూడా. తలుపు దగ్గర నిలబడ్డాడు. చేత్తో రమ్మన్నాడు. నేను చూడనట్టు తిరిగిపోయి బావగారి మెడ పట్టుకున్నాను.

భయమేసింది. ఇక్కడ నేను పట్టం ఉన్నవాణ్ణి, హాలంతా లేచి కాడలూ అని అరిచేది నన్ను. అక్కడికెళ్తే ఎనిమిది రెట్లు బరువు మోసుకుంటూ నడిచే సన్నాసిని, నాకోసం వీధి తలుపు తీసేవాళ్లు ఒక్కరూ లేరు. వాణ్ణి వదిలేసింది నేను. వాడు వదిలేశాడని రాసుకుంటే ఇక్కడే ఉండిపోవడానికి సాకుగా ఉంటుందని అలా రాసుకున్నాను.

ఇవన్నీ వాడికి చెప్పాను. రాయలేదు, నోటితోనే చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఏడుపొచ్చింది, గుమస్తా దాన్ని కొట్టెయ్యమంటారా అని అడిగింది. ఉంచమన్నాను.

ఓడకి 9 రోజులు

పది రోజులు పట్టింది. ఈసారి గొంతు చిన్నగా ఉంది.

"విన్నాను. దమయంతక్కకీ వినిపించినాను. అక్క ఇక్కడే, పక్క గదిలో ఉంటాది. కళ్లు కనబడవు, గొంతు మాత్రం కాసింత కూడా తగ్గలేదు. 'ఆ సన్నాసెదవ మూడు దెబ్బలు తెలిసే తిన్నాడా' అని బూతులు తిట్టింది. నాను తిట్టలేదురా. ఆ పొద్దుటే ఇద్దరు జొరాలొచ్చి ఆగిపోతే రెండు సీట్లు ఖాళీ అయినాయి. నీకూ నాకూ అని అక్క రాయించింది. నీ సీటు మూడేళ్లు నా పక్కన ఖాళీగా వొచ్చింది. దానికి నీ పేరు రాసిన కాయితం అంటించి ఉండేది. నడికట్టెందుకు ఒగ్గేసినానంటే, నువ్వెనకాలొత్తూ తెత్తావని."

మళ్లీ దగ్గాడు. ఎవరో నీళ్లు ఇచ్చిన చప్పుడు.

"ఇంకోటి. ఎల్తూ ఎల్తూ మూలతాడు కోసుకొచ్చినాను. ఎందుకో తెలీదు, సేతిలో ఉండిపోనాది. ఇప్పుడు మంచం కమ్మీకి కట్టుకున్నాను. దాన్ని పట్టుకునే లేత్తాను, దాన్ని పట్టుకునే కూకుంటాను. డాక్టరు రెండేళ్లన్నాడు. ఓడ ప్రయాణం మూడేళ్లు. లెక్క కుదర్దు, నాకు తెలుసు. గానీ మీ గుమస్తా సెప్పినట్టు బరిలో ఉన్నది నువ్వు గదా? నాను బయట, తాడొగ్గలేదు. బయటున్నోడి వీపు నేలకంటినా ఎవుడూ లెక్కపెట్టకూడదు. రూలు అక్కే పెట్టింది, అక్కనే అడుగు. అందుకని సిట్టా మూసీకు. బేగి రా. ఎలగైనా నువ్వు నాకు సెయ్యివ్వాలిరా సన్నాసీ. ఏ సెయ్యో నువ్వే సూసుకో."

విన్నాక అటక మీంచి పెట్టె దించాను. దుమ్ముకి తుమ్ములొచ్చాయి.

ఓడకి 2 రోజులు

మూడు రోజుల కింద గుమస్తా ఆఖరిసారి అడిగింది. "ఫలితం చెప్పి మూసేద్దామాండి? మూయకపోతే ఇంకో అయిదు రోజుల్లో తుడిచేస్తారండి. గునపాలు, సివంగులు, అందరూ పోతారండి."

"మూసేది లేదు. పోటీ నడుస్తోంది."

"అయితే చిట్టా మిగలదండి."

"చిట్టా నీ దగ్గరే ఉండాలని నియమం ఉందా?"

వెతికింది. "రెఫరీ కేక పెట్టాలని, ఎవరో ఒకరు రాయాలని మాత్రమే ఉందండి."

అందుకని మూడు రోజులుగా అది చదువుతోంటే ఈ పుస్తకం వెనకవైపు నుంచి రాసుకుంటున్నాను. ప్రతి పోటీ, ప్రతి చెయ్యి, బావగారి చీకటి నాలుగు నిమిషాలు కూడా. వేళ్లు వాచిపోయాయి. ఆఖరి వాక్యం వచ్చాక అది ఆగింది.

"'అప్పలసూరి చెయ్యిచ్చాడు.' దీన్ని ఏ అర్థంలో రాసుకుంటున్నారండి?"

"నువ్వు చదువుకున్న అర్థంలోనే" అన్నాను.

దాన్ని ఇన్నాళ్లూ మొద్దు అన్నందుకు క్షమించమని అడిగాను. పరవాలేదండి అంది. నేను వెళ్లాక దీపాలు ఆర్పేది కూడా అదే. ఒక్కటే ఉండిపోతుంది. అది తలుచుకుంటే ఏదోలా ఉంది. కాస్త మాట్లాడి వద్దామని గోడ దగ్గర కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను.

ఓడలో మొదటి రోజు

పంపులు ఆపేశాను. తోటలో తోటకూర మిగిలినదంతా కోసి ఓడవాళ్ల వంటకిచ్చాను. గురువుగారికి దండం పెట్టాను, ఆయన ఎప్పట్లాగే ఏమీ అనలేదు. హాల్లోకెళ్లి మా మూలన, తాడు లేని ఆ ముడిని ఒకసారి పట్టుకుని వచ్చాను.

ఓడలో నాది కిటికీ పక్క సీటు. పక్కది ఖాళీ. సూరి నడికట్టు అందులో పెట్టి బెల్టు బిగించాను. కాగితం ముక్క మీద వాడి పేరు రాసి సీటుకి అంటించాను. ఓడ ఆవిడ చూసి ఎవరైనా వస్తారా అని అడిగింది. రారు, ఆయన బయట ఉన్నాడని చెప్పాను.

మూడేళ్లు. అక్కడ దిగేసరికి నాకు నిలబడటం వస్తుందో రాదో, వాడు ఉంటాడో ఉండడో. దిగాక చక్రాల కుర్చీలో పెడితే ఆ కుర్చీలోనే వెళ్తాను. దమయంతక్కని కూడా ఆ గదిలోకి తీసుకురమ్మంటాను, ఆవిడకి కనబడకపోయినా చప్పుడు వినబడుతుంది. మూడు దెబ్బలు కొడతాను, గట్టిగా. కేక పెట్టడం ఆవిడ పని, రాసుకోవడం నాది.

అందాకా చిట్టాలో ఈ రోజు సంగతి:

బరిలో: గేదెల సన్యాసి. మూలన: అప్పలసూరి, తాడు చేతిలోనే ఉంది. చెయ్యి ఇంకా ఇవ్వలేదు.